1,800 సర్వర్ల హార్డెనింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ప్రశ్నని నేను ఎలా అర్థం చేసుకున్నానో చెప్తాను. మీ డేటా సెంటర్‌లో దాదాపు 1,800 లైనక్స్ సర్వర్లు ఉన్నాయి. అందులో 300 ఇంకా సెంట్‌ఓఎస్ 7 అనే పాత లైనక్స్ వెర్షన్ మీదే నడుస్తున్నాయి. ఏ ప్రాసెస్ దేన్ని ముట్టుకోవచ్చో కట్టడి చేసే ఎస్‌ఈలైనక్స్ అన్నింట్లోనూ ఆపేసి ఉంది. ఆడిటర్ సీఐఎస్ బెంచ్‌మార్క్‌తో (సురక్షిత సెట్టింగుల ప్రామాణిక జాబితా) స్కాన్ చేసి 58 శాతమే పాస్ అని రిపోర్టు ఇచ్చారు. మూడు నెలల్లో దాన్ని 95కి తేవాలని మీ మేనేజర్ అన్నారు. ఇంటర్నెట్‌లో ఒక హార్డెనింగ్ స్క్రిప్ట్, అంటే దాడికి వీలిచ్చే సెట్టింగులన్నీ బిగించేది, దొరికింది. దాన్ని అన్ని సర్వర్ల మీదా రన్ చేసేయొచ్చా, లేకపోతే ఏ క్రమంలో చేయాలి, మేనేజర్‌కి ఏం చెప్పాలి అని అడుగుతున్నారు.

దయచేసి ఆ పని చేయకండి. పదిహేడేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. దాడుల వల్ల పడిపోయిన సర్వర్ల కంటే, ఎవరో ఒక్క రాత్రిలో చేసిన హార్డెనింగ్ వల్ల పడిపోయిన సర్వర్లనే నేను ఎక్కువగా చూశాను.

ఒక అనుభవం చెప్తాను. ఎనిమిదేళ్ల కిందట నేను పనిచేసిన చోట డేటాబేస్ సర్వర్లన్నింటికీ సీఐఎస్ లెవెల్ 2 ప్రొఫైల్‌ని (ఆ జాబితాలో మరింత కఠినమైన స్థాయి) ఉన్నదున్నట్టు దించేశాం. స్కోరు బాగా వచ్చింది, అందరూ సంతోషించారు. పదకొండో రోజు రాత్రి రెండు గంటలప్పుడు సర్వర్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోవడం మొదలైంది. కరెంటు సమస్య అనుకుని ర్యాకుల దగ్గరికి పరిగెత్తాం. కరెంటు బాగానే ఉంది. ఆ యంత్రాలు వాటంతట అవే షట్‌డౌన్ అయ్యాయి, మేం చెప్పినట్టే.

జరిగింది ఏమిటంటే, ఆ ప్రొఫైల్‌లో ఆడిట్ లాగ్‌కి సంబంధించి రెండు సెట్టింగులు ఉంటాయి. పాత లాగ్ ఫైళ్లని ఎప్పటికీ చెరపకూడదు అన్నది ఒకటి. లాగ్ రాయడానికి చోటు అయిపోవస్తే సిస్టమ్‌ని ఆపేయాలి అన్నది రెండోది. రికార్డు లేకుండా ఒక్క పని కూడా జరగకూడదన్న చోట ఆ రెండూ సరైనవే. కానీ మా దగ్గర రాత్రి బ్యాకప్ జాబు లక్షల ఫైళ్లు తెరుస్తుంది, తెరిచిన ప్రతిసారీ ఒక లైను లాగ్‌లో పడుతుంది. లాగ్ పార్టిషన్ చిన్నది. పైగా అన్ని సర్వర్లూ ఒకే రోజు మొదలుపెట్టాయి కాబట్టి దాదాపు ఒకే రాత్రి నిండాయి. మళ్లీ ఆన్ చేస్తే బూట్ అయ్యి, లాగ్ నిండిందని చూసుకుని, మళ్లీ ఆగిపోయేవి. ఒక్కొక్కదానికీ కన్సోల్ పెట్టుకుని, సింగిల్ యూజర్ మోడ్‌లో చోటు ఖాళీ చేస్తూ తెల్లవారేదాకా కూర్చున్నాం.

ఆ సెట్టింగులు రాసినవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు. ఏ సెట్టింగ్ ఎందుకుందో చదవకుండా పెట్టింది మేమే. అప్పటి నుంచి నా దగ్గర ఒక ఫైలు ఉంది. ప్రతి రూలు పక్కనా ఇది ఏ దాడిని ఆపుతుంది, మన దగ్గర దేన్ని చెడగొడుతుంది అని రాసుకుంటాను. రెండోది రాయలేకపోతే దాన్ని ప్రొడక్షన్‌లోకి పంపను.

మీకు వెంటనే తగిలేవి కొన్ని చెప్తాను. బెంచ్‌మార్క్ ప్రకారం ఐపీ ఫార్వర్డింగ్, అంటే ఒక నెట్‌వర్క్ నుంచి వచ్చిన ట్రాఫిక్‌ని ఇంకోదానికి పంపడం, ఆపేయాలి. కంటైనర్లని (అప్లికేషన్లని విడివిడిగా నడిపే డబ్బాల్లాంటివి) నడిపే కుబర్నెటిస్ నోడ్ మీదో, డాకర్ నడిచే మెషీన్ మీదో ఆపితే వాటి నెట్‌వర్క్ తెగిపోతుంది. టెంప్ డైరెక్టరీని నోఎగ్జెక్‌తో, అంటే అక్కడి ఫైళ్లు ప్రోగ్రాములుగా నడవకుండా, మౌంట్ చేయమంటుంది. మంచిదే, దాడి చేసేవాళ్లు మొదట ఫైలు దించేది అక్కడే. కానీ చాలా జావా అప్లికేషన్లు తమ నేటివ్ లైబ్రరీలని అక్కడే విప్పి లోడ్ చేసుకుంటాయి, అవి స్టార్ట్ కావు. వాటికి జావా టెంప్ డైరెక్టరీని వేరే చోటికి మార్చిన తర్వాతే నోఎగ్జెక్ పెట్టాలి. ఉబుంటులో స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మాడ్యూల్ ఆపేస్తే స్నాప్ ప్యాకేజీలు పనిచేయవు. రెండు మూడు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్లలో రివర్స్ పాత్ ఫిల్టర్‌ని స్ట్రిక్ట్‌లో పెడితే, ఒక కార్డు నుంచి వచ్చి ఇంకో కార్డు నుంచి వెళ్లే ట్రాఫిక్ చప్పుడు లేకుండా రాలిపోతుంది. స్టోరేజ్ టీమూ నెట్‌వర్క్ టీమూ రెండు రోజులు ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటారు, కారణం మాత్రం సర్వర్‌లోనే ఉంటుంది.

అందుకని మొదటి రెండు వారాలు ఏ సెట్టింగూ మార్చకండి. సర్వర్లని పనిని బట్టి గుంపులు చేయండి. 1,800 అంటే గుండె ఆగినంత పని అవుతుంది కానీ, విడదీసి చూస్తే పదీ పన్నెండు రకాలే ఉంటాయి: వెబ్, అప్లికేషన్, డేటాబేస్, కుబర్నెటిస్ నోడ్లు, హైపర్‌వైజర్లు (వర్చువల్ మెషీన్లని నడిపేవి), బ్యాకప్, మానిటరింగ్, అలా. ఒక్కో రకానికీ ఒక బేస్‌లైన్, అంటే ఉండాల్సిన సెట్టింగుల జాబితా. ఈ లెక్క తీసేటప్పుడు ఎవరివో ఎవరికీ తెలియని యంత్రాలు కొన్ని తప్పకుండా బయటపడతాయి. వాటిని ఇప్పుడే తేల్చండి. యజమాని లేని సర్వర్‌కి ప్యాచ్ వేసేవాళ్లూ ఉండరు, లాగ్ చూసేవాళ్లూ ఉండరు.

సెంట్‌ఓఎస్ 7 సంగతి సూటిగా చెప్తాను. దానికి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత బయటపడిన లోపానికి మీరు ఎన్ని సెట్టింగులు మార్చినా మందు లేదు. ఆ 300 యంత్రాల మీద స్కోరు పెంచడానికి ఒక్క గంట కూడా పెట్టకండి. వాటిని వెంటనే వేరే నెట్‌వర్క్ సెగ్మెంట్‌లోకి నెట్టి, అవసరమైన పోర్టులు తప్ప అన్నీ మూసి, కొత్త ఓఎస్ మీదికి మార్చే పని పెట్టుకోండి. ఆల్మాలైనక్స్ వాళ్ల ఎలివేట్ టూల్‌తో ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేయొచ్చు. అయినా నేనైతే కొత్త ఇమేజ్‌తో మళ్లీ కట్టడానికే మొగ్గుతాను. పదేళ్లుగా పదిమంది చేతులు పడిన యంత్రంలో ఏమేం మార్చి ఉన్నారో ఎవరూ చెప్పలేరు.

ఇక ఎస్‌ఈలైనక్స్. మీ మూడు నెలల్లో సగం దీనికే ఇవ్వమంటాను.

మామూలు లైనక్స్ పర్మిషన్లలో ఒక ప్రాసెస్ ఏ యూజర్ పేరున నడుస్తుందో ఆ యూజర్ చేయగలిగినవన్నీ చేయగలదు. రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అయితే అడ్డే లేదు. ఎస్‌ఈలైనక్స్ ఆ పైన ఇంకో లెక్క పెడుతుంది. వెబ్ సర్వర్ ప్రాసెస్‌కి ఒక లేబుల్, అది చదవాల్సిన ఫైళ్లకి ఒక లేబుల్, ఈ లేబుల్ ఆ లేబుల్‌ని మాత్రమే ముట్టుకోవచ్చు అని పాలసీ. వెబ్ సర్వర్‌లో దొంగ దూరినా, పాలసీ రాసిన గది దాటి పోలేడు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ దీన్ని 2000లో బయటపెట్టింది, 2003లో ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చింది. అంటే ఇది నిన్న మొన్నటి ప్రయోగం కాదు. 2019 ఫిబ్రవరిలో, కంటైనర్లని నడిపే రన్‌సీ ప్రోగ్రామ్‌లో లోపం బయటపడింది. కంటైనర్ లోపల ఉన్నవాడు హోస్ట్‌లోని రన్‌సీ ప్రోగ్రామ్‌నే తిరగరాసి, హోస్ట్ మీద రూట్ అయిపోగలిగే లోపం అది. రెడ్ హ్యాట్ సిస్టమ్స్‌లో ఎస్‌ఈలైనక్స్ ఎన్‌ఫోర్సింగ్‌లో (పాలసీ దాటితే నిజంగా ఆపే మోడ్) ఉన్నవాళ్లకి ప్యాచ్ వేయకముందే ఆ దారి మూసుకునే ఉంది. ఎప్పుడో అప్లికేషన్ ఇన్‌స్టాల్ కాలేదని ఎస్‌ఈలైనక్స్ ఆపేసినవాళ్లకి ఆ రక్షణ లేదు.

మన దగ్గర చాలా వెండర్ల ఇన్‌స్టాలేషన్ గైడ్లలో మొదటి మెట్టే ఎస్‌ఈలైనక్స్ ఆపేయండి అని ఉంటుంది. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ లైను రాసినవాళ్లు తమ సాఫ్ట్‌వేర్ ఏ ఫైళ్లు ముట్టుకుంటుందో కనుక్కునే పని మీ భద్రత మీదికి నెట్టేశారు.

తిరిగి ఎలా ఆన్ చేయాలంటే, డిసేబుల్డ్ నుంచి నేరుగా ఎన్‌ఫోర్సింగ్‌కి ఎప్పుడూ వెళ్లకండి. ఆపి ఉన్నన్నాళ్లూ తయారైన ఫైళ్లకి లేబుళ్లు ఉండవు, అలా వెళ్తే సర్వర్ బూట్ కూడా కాకపోవచ్చు. ముందు పర్మిసివ్‌కి మార్చి, రీబూట్‌లో ఫైల్ సిస్టమ్ అంతా రీలేబుల్ అయ్యేలా పెట్టండి. కోట్ల ఫైళ్లున్న సర్వర్‌లో ఇది గంటలు పడుతుంది, ఛేంజ్ విండో దానికి తగ్గట్టు తీసుకోండి. పర్మిసివ్‌లో అది దేన్నీ ఆపదు, ఆపాల్సినవి లాగ్‌లో రాస్తుంది అంతే. కనీసం ఒక నెలాఖరు దాటేదాకా అలా ఉంచండి. ఇది ముఖ్యం. నెలాఖరు జీతాల జాబు, నెలకోసారి నడిచే రిపోర్టు లాంటివి మామూలు రోజుల్లో కనిపించవు.

వచ్చిన లాగ్‌లన్నీ తీసుకెళ్లి, వాటిని బట్టి పాలసీ రాసిచ్చే ఆడిట్2అలో టూల్‌లో పోసి, అది ఇచ్చిన పాలసీని కళ్లు మూసుకుని లోడ్ చేయకండి. ఆపాల్సినవాటికి కూడా అది అనుమతి రాసిచ్చేస్తుంది. నా అనుభవంలో ఎక్కువ భాగం రెండే కారణాలు. ఒకటి, డేటా మామూలు చోట కాకుండా వేరే డైరెక్టరీలో ఉండటం. దానికి సరైన లేబుల్ శాశ్వతంగా నమోదు చేసి, దాన్ని ఫైళ్లకి వేసే రిస్టోర్‌కాన్ నడిపితే సరిపోతుంది. రెండోది, పాలసీలో ఇప్పటికే ఉన్న బూలియన్ (ఆన్, ఆఫ్ స్విచ్) ఒకటి ఆఫ్‌లో ఉండటం, ఉదాహరణకి వెబ్ సర్వర్ బయటి నెట్‌వర్క్‌కి కనెక్ట్ కావచ్చు అన్నది. ఈ రెండూ అయ్యాక మిగిలిన కొద్దివాటికే సొంత పాలసీ రాయాల్సి వస్తుంది. ఒక్క సర్వీసు మాత్రమే మొండికేస్తే ఆ ఒక్క డొమైన్‌నే (ఆ సర్వీసు ప్రాసెస్ లేబుల్‌నే) పర్మిసివ్‌లో పెట్టి మిగతా సిస్టమ్‌ని ఎన్‌ఫోర్సింగ్‌లోకి తీసుకెళ్లొచ్చు. ఈ సంగతి తెలియకనే చాలామంది మొత్తం ఆపేస్తారు. ఉబుంటు సర్వర్లుంటే వాటిలో ఇదే పనికి యాప్‌ఆర్మర్ ఉంటుంది, అక్కడ పద్ధతి ఇంకొంచెం సులువు.

మీ సొంత అప్లికేషన్లకి, సర్వీసులని నడిపే సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్లోనే చాలా రక్షణ దొరుకుతుంది. కొత్త ప్రివిలేజ్‌లు రాకుండా చేయడం, సిస్టమ్ డైరెక్టరీలని చదవడానికి మాత్రమే ఇవ్వడం, సొంత టెంప్ ఇవ్వడం, ఇవన్నీ నాలుగు లైన్ల పని. సిస్టమ్‌డీ-అనలైజ్‌లో సెక్యూరిటీ అనే సబ్‌కమాండ్ ఉంది, ప్రతి సర్వీసుకీ సున్నా నుంచి పది దాకా ప్రమాద స్కోరు చూపిస్తుంది. డెవలపర్లకి చూపించడానికి అది చక్కగా పనికొస్తుంది.

దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ గురించి మీకు తెలిసే ఉంటుంది: రూట్ లాగిన్ వద్దు, పాస్‌వర్డ్ వద్దు, జంప్ సర్వర్ (అందరూ ముందు లాగిన్ కావాల్సిన మధ్య సర్వర్) గుండానే రావాలి. 1,800 సర్వర్లున్నప్పుడు మాత్రం పబ్లిక్ కీలు కాపీ చేసుకుంటూ పోవడం నిలవదు. ఉద్యోగం మానేసినవాళ్ల కీలు ఎక్కడెక్కడ మిగిలాయో కనుక్కోలేరు. గడువున్న ఎస్‌ఎస్‌హెచ్ సర్టిఫికెట్లకి మారండి. పొద్దున తీసుకున్నది సాయంత్రానికి చెల్లకుండా పోతుంది.

సెట్‌యూఐడీ ప్రోగ్రాముల (ఎవరు నడిపినా ఫైలు యజమాని, సాధారణంగా రూట్, అధికారంతో నడిచేవి) లిస్ట్ కూడా ఒకసారి తీయండి. 2022 జనవరిలో పీకేఎగ్జెక్ అనే అలాంటి ప్రోగ్రాములో లోపం బయటపడినప్పుడు, అది 2009 నుంచీ అందులో ఉందని తేలింది. మామూలు యూజర్ ఎవరైనా రూట్ అయిపోవచ్చు. అప్పటికే ఆ ప్రోగ్రాముకి సెట్‌యూఐడీ బిట్ తీసేసి ఉంచిన సర్వర్లకి ఆ వారం ఏ టెన్షనూ లేదు. సర్వర్‌లో లేని ప్రోగ్రాముకి ప్యాచ్ వేయక్కర్లేదు. కంపైలర్లు, ప్రింటింగ్ సర్వీసు, అవాహీ (నెట్‌వర్క్‌లో పరికరాలని వెతికే సర్వీసు) లాంటివి గోల్డెన్ ఇమేజ్‌లోనే (కొత్త సర్వర్లన్నీ కట్టే మూల నమూనా) లేకుండా చూసుకోండి.

బయటికి వెళ్లే ట్రాఫిక్ గురించి ఎవరూ అడగరు, నేనే చెప్తాను. అందరూ లోపలికి వచ్చేదాన్నే మూస్తారు. 2021 డిసెంబర్‌లో జావా లాగింగ్ లైబ్రరీ లాగ్4జేలో లాగ్4షెల్ అనే లోపం వచ్చినప్పుడు మా టీమ్ పది రోజులు ఇళ్లకి సరిగా వెళ్లలేదు. ఆ దాడి మామూలుగా నడిచే పద్ధతిలో, బాధిత సర్వరే బయట ఉన్న దొంగ సర్వర్‌కి ఎల్‌డాప్ అనే ప్రోటోకాల్‌లో కనెక్ట్ అయ్యి కోడ్ తెచ్చుకోవాలి. మా సర్వర్లలో బయటికి వెళ్లే దారి ముందే మూసి ఉన్న గుంపు ఒకటి ఉంది. అక్కడ కూడా ప్యాచ్ వేశాం, కానీ నిదానంగా నిద్రపోయి లేచి వేశాం. డేటాబేస్ సర్వర్‌కి ఇంటర్నెట్‌తో ఏం పని? అప్‌డేట్లకి లోపలే ఒక మిర్రర్ పెట్టుకుని, మిగతాదంతా డిఫాల్ట్‌గా మూసేయండి.

మీ స్కాన్ రిపోర్టులో అసలు కనిపించని చోటు ఇంకొకటి ఉంది. ప్రతి సర్వర్ బోర్డు మీదా బీఎంసీ అని ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఐడ్రాక్, ఐఎల్‌ఓ అని మీరు పిలిచేవి అవే. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా అది నడుస్తూనే ఉంటుంది. ఆన్ చేయగలదు, ఆపగలదు, కన్సోల్ చూపించగలదు, కొత్త ఓఎస్ ఇమేజ్ ఎక్కించగలదు. ఓఎస్‌ని ఎంత బిగించినా దీన్ని వదిలేస్తే 'తాళం వేసితిని గొళ్ళెం మరిచితిని' అన్నట్టే. బీఎంసీతో మాట్లాడే ఐపీఎంఐ 2.0 ప్రోటోకాల్‌లోనే ఒక లోపం ఉంది: లాగిన్ కాకముందే, యూజర్ పేరు తెలిసినవాళ్లు అడిగితే పాస్‌వర్డ్ హ్యాష్‌ని (దాని గుప్త రూపాన్ని) ఇచ్చేస్తుంది. తీసుకెళ్లి తీరిగ్గా ఛేదించుకోవచ్చు. ఇది ప్రమాణంలోనే ఉన్న లోపం కాబట్టి ప్యాచ్‌తో పోదు. 2025లో ఏఎంఐ మెగార్యాక్ అనే బీఎంసీ ఫర్మ్‌వేర్‌లో లాగిన్ లేకుండానే లోపలికి రాగలిగే లోపం బయటపడింది, తీవ్రత పదికి పది. ఆ జూన్‌లో అమెరికా సైబర్ సంస్థ సీసా దాన్ని నిజంగా దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది.

అందుకని బీఎంసీ పోర్టులన్నీ విడి మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌లోకి వెళ్లాలి. జంప్ సర్వర్ నుంచి తప్ప ఎక్కడి నుంచీ అందకూడదు. 623 పోర్టు మీద ఐపీఎంఐ ఆపేసి, దాని స్థానంలో వచ్చిన రెడ్‌ఫిష్ వాడండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డులు ఎన్నింటికి మిగిలాయో ఈ వారమే లెక్క తీయండి. కొన్ని సర్వర్లలో విడి కేబుల్ పెట్టకపోతే బీఎంసీ మామూలు నెట్‌వర్క్ కార్డునే పంచుకుంటుంది. అది కూడా చూసుకోండి.

హైపర్‌వైజర్లకీ ఇదే మాట. 2023 ఫిబ్రవరిలో వీఎంవేర్ వాళ్ల హైపర్‌వైజర్ ఈఎస్‌ఎక్స్ఐ నడిచే సర్వర్ల మీద వేల సంఖ్యలో రాన్సమ్‌వేర్ దాడులు జరిగాయి. వాడినట్టు చెప్పిన లోపానికి ప్యాచ్ రెండేళ్ల ముందే, 2021 ఫిబ్రవరిలో వచ్చి ఉంది. ఆ లోపం ఉన్నది ఎక్కువమంది వాడని ఓపెన్‌ఎస్‌ఎల్‌పీ సర్వీసులో. ఆ లోపానికి ఆ సర్వీసు ఆపినా సరిపోయేది. ఒక హైపర్‌వైజర్ పోతే దాని మీద ఉన్న వర్చువల్ మెషీన్లన్నీ పోతాయి, లోపల మీరు చేసిన హార్డెనింగ్ అంతా వాటితో పాటే.

సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కోడ్‌తోనే బూట్ కానివ్వడం) ఆన్ చేయండి. ఒక్క జాగ్రత్త: మైక్రోసాఫ్ట్ 2011లో ఇచ్చిన సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతుంది. లైనక్స్‌ని బూట్ చేయడంలో మొదట నడిచే షిమ్ ప్రోగ్రాము మీద ఉండే సంతకం కూడా ఆ వరసలోదే. సర్వర్ తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్లని ఆ దృష్టితో చూడండి.

ఇప్పుడు మీరు అడిగిన క్రమం. ఏ మార్పైనా ముందు ల్యాబ్‌లో, తర్వాత ఆ గుంపులో అయిదారు సర్వర్లలో, వారం ఆగి పది శాతంలో, ఆ తర్వాతే మిగతావాటిలో. తొందర అనిపించినప్పుడల్లా 2024 జూలై 19 గుర్తుచేసుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక్క ఫైలు ఒకేసారి అందరికీ వెళ్లి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. గంటన్నర లోపే ఆ ఫైలుని వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే పడిపోయినవాటిని చాలాచోట్ల మనిషి వెళ్లి ఒక్కొక్కటిగా లేపాల్సి వచ్చింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ప్రయాణికులకి చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. భద్రత కోసం పెట్టిన సాఫ్ట్‌వేరే అది. అన్ని సర్వర్లకీ ఒకేసారి మార్పులు పంపే మీ యాన్సిబుల్ ప్లేబుక్ కూడా 1,800 సర్వర్లకి అదే పని చేయగలదు.

అలాగని ప్యాచ్‌లు నెలల తరబడి ఆపమని కాదు. ఇంటర్నెట్ వైపు ఉన్నవాటికి తీవ్రమైన లోపం వస్తే ఈ మెట్లన్నీ ఒక్క రోజులో దాటాలి, మెట్టు మాత్రం మానకూడదు. అన్నిటికన్నా కొత్త వెర్షన్ మీద ఉండటమే భద్రత అని కూడా అనుకోకండి. 2024 మార్చిలో, ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని పెట్టిన దొంగదారి దొరికింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ పట్టుబట్టి వెతికితే బయటపడింది. ప్రయోగ దశలో ఉన్న డిస్ట్రిబ్యూషన్లకీ, ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్ ఇచ్చే రోలింగ్ డిస్ట్రిబ్యూషన్లకీ మాత్రమే అది చేరింది. స్టేబుల్ వెర్షన్ల మీద ఉన్నవాళ్లకి తగల్లేదు. ఆ అర సెకనుని ఆయన పట్టించుకోకపోయి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

సెట్ చేసినవి అలాగే ఉన్నాయా అని క్రమం తప్పకుండా చూసే ఏర్పాటు కూడా కావాలి. రాత్రి సమస్య వచ్చి ఎవరో ఎస్‌ఈలైనక్స్ ఆపేస్తారు, పొద్దున మర్చిపోతారు. ఓపెన్‌స్కాప్ అనే స్కానర్‌ని వారానికోసారి నడిపి, తేడా వచ్చిన సర్వర్‌కి టికెట్ పడేలా చేయండి. కొత్తగా కట్టే కుబర్నెటిస్ క్లస్టర్ల కోసమైతే టాలోస్, బాటిల్‌రాకెట్, ఫ్లాట్‌కార్ లాంటి ఓఎస్‌లని చూడండి. వాటిలో ఓఎస్ ఫైళ్లు చదవడానికి మాత్రమే ఉంటాయి. టాలోస్‌లో అయితే ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఉండదు. చెయ్యిపెట్టి మార్చే వీలే లేనప్పుడు ఈ తేడాల గొడవ చాలావరకు పోతుంది.

లాగ్‌లు సర్వర్‌లో కాకుండా బయట ఒక చోటికి వెంటనే వెళ్లాలి, ఎందుకంటే లోపలికి వచ్చినవాడు మొదట చెరిపేది వాటినే. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు దాచాలి, ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, అన్ని యంత్రాల గడియారాలూ ఎన్‌ఐసీ (జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయంతో కలవాలి. గడియారం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, నలభై సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టుకుని ఎవడు ఎప్పుడు ఎక్కడికి వెళ్లాడో వెతికేటప్పుడు రెండు నిమిషాల తేడా ఉన్నా ఏమీ తేలదు.

మీ మేనేజర్‌కి ఏం చెప్పాలన్నది చివరి ప్రశ్న. 95 అన్న అంకెని ఒప్పుకోకండి, కాదని గొడవా పడకండి. మూడు కాలమ్‌ల షీటు ఒకటి తీసుకెళ్లండి: పాస్ కాని రూలు, మన దగ్గర దాన్ని పెట్టకపోవడానికి కారణం, బదులుగా ఏం చేశాం. కుబర్నెటిస్ నోడ్లలో ఐపీ ఫార్వర్డింగ్ ఆ షీటులో మొదటి లైను అవుతుంది. నేను చూసినంతవరకు, కారణం రాసి యజమాని సంతకం పెట్టిన మినహాయింపుని కాదన్న ఆడిటర్ లేరు. ఆ సంతకానికి ఆరు నెలల గడువు పెట్టండి, గడువు అయ్యాక మళ్లీ చూడండి. మొదటి నెల టార్గెట్‌గా మాత్రం మూడు అడగండి: సెంట్‌ఓఎస్ 7 యంత్రాలు విడి సెగ్మెంట్‌లోకి, బీఎంసీలు విడి నెట్‌వర్క్‌లోకి, ఎస్‌ఈలైనక్స్ వెబ్ గుంపు మొత్తంలో పర్మిసివ్‌లోకి. స్కోరు వీటితో రెండు మూడు శాతం కూడా పెరగకపోవచ్చని ముందే చెప్పి ఒప్పించండి.